మూడో బార

ఏసోబు రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే చర్చికి పోతాడు. ముసలితనంలో భక్తి ముదిరిందని అనుకునేరు, అదేం కాదు. నిద్రకు పోతాడు. కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న ఏటిగడ్డలో ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాను కూడా వేడిగాలే విసురుతుంది. చర్చిలో మాత్రం రెండడుగుల మందం రాతిగోడలు, బయట ఎంత ఎండ కాస్తే మాకేం అన్నట్టు చల్లగా ఉంటాయి. ఉత్తరపు గోడ వెంబడి, కిటికీ నుంచి మూడో బార దగ్గర తువ్వాలు పరుచుకుని, గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుతాడు. రెండు చేతులూ చాపితే ఎంత వెడల్పో అంత ఒక బార. ఇంత చర్చి ఉండగా రోజూ అక్కడే ఎందుకయ్యా అని ఎవరైనా అడిగితే, "గాలి మంచిగొస్తది" అంటాడు. అక్కడికి గాలి రాదు. కిటికీ దూరం.

డెబ్బై నాలుగేళ్ల మనిషి. అందులో యాభై ఏళ్లు తాపీ పట్టి బతికినవాడు. గోడకు సిమెంటు పూసి నున్నగా తీర్చడాన్ని ఇక్కడివాళ్లు గిలాబు అంటారు. ఏటిగడ్డలో సగం ఇళ్ల గిలాబు ఏసోబుదే. అతను చేసిన గోడ పెచ్చు ఊడిందని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ మాట పదిమందిలో వినడమంటే ఏసోబుకు చేపల పులుసుకన్నా ఇష్టం. తన దగ్గర పని చేసినవాళ్లను తిట్టిన తిట్టు కూడా ఒక్కటే. "గాట్లు పెట్టకుంట గిలాబు కొట్టెటోడు మేస్త్రి గాదురా, దొంగ!" పాత గోడ మీద కొత్త సిమెంటు నిలబడాలంటే ముందు ఉలితో గోడంతా గాట్లు కొట్టాలి. ఆ గాట్లలోకి సిమెంటు దిగి పట్టు దొరుకుతుంది. నున్నటి గోడ మీద ఊరికే పూస్తే పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల విడిగా ఉండిపోతుంది. వేలితో కొడితే డబ్ డబ్ మని బోలుగా మోగుతుంది.

"మరి నీకు పని ఎవరు నేర్పిన్రు?" అని అడిగితే మాత్రం పెద్దగా చెప్పడు. "హైదరాబాదుల. ఎవరో మేస్త్రి. పేరు యాదికి లేదు" అని మాట దాటేస్తాడు.

ఆ చర్చి సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఏసోబు సంగతి, దాని సంగతి వేరు కాదు. దానికి మూడు వయసులున్నాయి. అన్నిటికన్నా పాతది వేదిక వెనకాల ఉన్న కమాను. ఒకప్పుడు ఈ గడ్డ మీద చిన్న కోట ఉండేదట. ఏ రాజు కట్టించాడో తెలిసినవాళ్లు లేరు. ఒకరు ఐదు వందల ఏళ్లంటారు, ఇంకొకరు ఏడు వందలంటారు, ఏసోబు "రాళ్లనే అడగాలె" అంటాడు. కోట కూలిపోయి, ధాన్యం కొట్టు కమాను ఒక్కటి మిగిలింది. చుక్క సున్నం లేకుండా రాయిని రాయి కరిచి పట్టుకుని నిలబడిన కమాను అది. ఏటిగడ్డలో మొదటి క్రైస్తవ కుటుంబాలు ఆ కమానుకు ఒక గడ్డిపాక ఆనించి ప్రార్థన చేసుకునేవాళ్లు. వాన పెద్దదైతే పాక కురిసేది, దేవుడూ జనమూ కలిసి కమాను కిందికి జరిగేవాళ్లు. తర్వాత కోట రాళ్లే ఏరుకొచ్చి కమానుకు అటూ ఇటూ గోడలు లేపారు. అది రెండో వయసు. ముందున్న స్లాబు వరండా, నీలం గేటు మొన్న మొన్నటివి. వాటిని ఏసోబు చర్చి లెక్కలోకే తీసుకోడు.

రెండో వయసు గోడలు లేచిన ఏడాది ఏసోబుకు ఐదేళ్లు. గోడ కట్టింది మగవాళ్లు, మెరుగు పెట్టింది ఆడవాళ్లు. అప్పుడు సిమెంటు ఎక్కడిది? అంతా డంగుసున్నం. ఏసోబు చిన్ననాటి దోస్తు చాంద్ పాషా వాళ్ల నాయన తన ఎద్దుల జతను రాతి గానుగకు కట్టి తిప్పితే, సున్నమూ ఇసుకా కలిసి వెన్నలాగా నలిగేవి. అందులో కరక్కాయ నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. ఆఖరి పూత పచ్చిగా ఉండగానే ఆడవాళ్లు ఏట్లో ఏరిన నున్నటి గులకరాళ్లతో దాన్ని రుద్దేవాళ్లు. గంటలు గంటలు రుద్దితే గోడ అద్దంలాగా తేలేది. అందుకొక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇంటికో బార. ఏ ఇంటి ఆడమనిషి ఆ ఇంటి బార రుద్దాలి, ఎవరి రాయి వాళ్లదే, పని అయ్యాక రాయిని ఇంటికి తీసుకుపోయి దాచుకోవాలి. కిటికీ నుంచి మూడో బార ఏసోబు వాళ్ల అమ్మ జములమ్మది.

గద్వాలలోని జములమ్మ దేవతకు మొక్కుకుంటే పుట్టిందని వాళ్లమ్మకు ఆ పేరు పెట్టారు. బాప్తిస్మం నాడు మార్తమ్మ అని మార్చారు గానీ, ఊరి నోట్లో ఆ పేరు ఒక్క వారం కూడా నిలవలేదు. ఆమెది ఎడమచేతి వాటం. కొడవలి పట్టినా, కల్లాపి చల్లినా ఎడమచెయ్యే. దేవుని ఇంటి గోడను ఎడమచేత్తో రుద్దొద్దని పెద్దలు గట్టిగా చెప్పారని, జములమ్మ తల వంచుకుని కుడిచేత్తోనే రుద్దిందని ఏసోబు పెద్దమ్మ చెప్పేది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఏసోబు అక్కడి నుంచి లేచిపోయేవాడు.

గోడ మెరిసిన రెండేళ్లకే జములమ్మ జ్వరంతో పోయింది. ఏసోబుకు ఆమె మొహం గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా రాదు. ఫోటో లేదు. ఏటి పక్కనున్న సమాధుల దొడ్డిలో ఒక మట్టిదిబ్బ ఉండేది, కృష్ణ మీద కట్టిన డ్యామ్ నీళ్లు వెనక్కి తన్నినప్పుడు అదీ మునిగింది. ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని గడ్డ ఎక్కి, చర్చి చుట్టూ కొత్త ఇళ్లు కట్టుకుంది. అమ్మవంటూ ఏసోబుకు మిగిలినవి రెండే. గోడలో మూడో బార, ఎప్పుడూ భుజాన ఉండే సంచిలో ఒక గులకరాయి. ఆ రాయి రేగుపండుకన్నా పెద్దది, కోడిగుడ్డుకన్నా చిన్నది. దాన్ని చూసినప్పుడల్లా చాంద్ పాషా ఎగతాళి చేస్తాడు. "ఏంది భాయ్, మీ అమ్మవి బొమ్మ చేతులా? ఇంత రాయితోని బార గోడ రుద్దిందా?" ఏసోబు నవ్వి రాయిని మళ్లీ సంచిలో వేసుకుంటాడు. ఆ మాట నిజమేగదా అని అతనికీ లోపల అనిపించేది.

ఇప్పుడు ఏసోబు ఎవరికీ చెప్పని సంగతి చెప్తాను. నలభై ఏళ్ల కిందట అతను హైదరాబాదు వలస నుంచి సిమెంటు పని నేర్చుకుని, చేతికి వాచీ పెట్టుకుని, ఊళ్లోకి దర్జాగా దిగాడు. అప్పటికి ఏటా క్రిస్మస్‌కు వేసిన వెల్ల పొరలు పొరలుగా పేరుకుని ఆడవాళ్లు పెట్టిన మెరుగు ఎక్కడుందో కూడా కనిపించడం లేదు. సంఘం పెద్దలు సిమెంటు మోజులో ఉన్నారు. "గోడలన్నీ పాతగైనయి, గిలాబు కొట్టు ఏసోబూ" అన్నారు. ఇతనికీ అదే కావాలి. ఉలి, సుత్తె పట్టి మొదటి బార నిండా గాట్లు కొట్టాడు. రెండో బార కొట్టాడు. మూడో బార దగ్గర ఉలి ఆనించి సుత్తె ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దిగలేదు. అమ్మ వీపు మీద ఉలి పెట్టినట్టు అనిపించింది అతనికి. మిగతావాళ్లు అన్నానికి పోయిన సమయం చూసి, అక్కడ ఒక్క గాటు కూడా పెట్టకుండా నీళ్లు చిలకరించి, దాని మీదే సిమెంటు కొట్టేశాడు. సాయంత్రానికి గోడంతా ఒకటే తీరుగా తేలింది. శభాష్ అన్నారు. ఏసోబు ఆ శభాష్‌ను నలభై ఏళ్లు మోశాడు.

ఈ ఏడాది ఉత్తరపు గోడకు చెమ్మ పట్టి నల్లటి మరకలు లేచాయి. మూడో బార మీద మనిషి ఎత్తు పగులు కూడా కనిపించింది. పాస్టర్ పాల్ అయ్యగారు నెమ్మది మనిషి, ముందుజాగ్రత్త మనిషి. వనపర్తి నుంచి రేఖ అనే ఇంజనీరమ్మను పిలిపించారు. ఆమె చిన్న సుత్తితో గోడ పొడుగునా కొట్టుకుంటూ వచ్చింది. మొదటి బార టక్ టక్. రెండో బార టక్ టక్. మూడో బార డబ్. మళ్లీ కొట్టింది. డబ్ డబ్. బెంచీ చివర కూర్చున్న ఏసోబు ఆ మోత ఏమిటో వెంటనే గుర్తుపట్టాడు.

"లోపల గోడ విడిపోయినట్టున్నది అయ్యగారూ" అంది రేఖ. "రాళ్లు వదులైతే పైకప్పు ఆగదు. గిది దించాల్సిందే. ఒక్క గోడ దించితే తక్కినయి నిలబడయి. మొత్తం కొత్తగ కట్టుకునుడే మంచిది."

అయ్యగారు ఒకసారి కమాను వైపు చూశారు. "ఆదివారం ఆరాధన అయినంక సంఘాన్ని అడుగుదాం బిడ్డా. నువ్వు గూడ రా" అన్నారు. మూడో బారకు అడ్డంగా రెండు బల్లలు పెట్టించి, అటు ఎవరూ పోవద్దని చెప్పారు.

ఏసోబు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. భార్య విజయమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏందయ్యా, అన్నం పెట్టుకొని గోడ దిక్కు చూస్తున్నవ్? గోడేమన్న నంజుకుంటవా?"

"ఆకలి లేదే."

"చర్చి కూలగొడ్తరంటనే గదా పరేషాన్? కొత్తది కడ్తరు. తెల్లగ, పెద్దగ. నీ నిద్రకేం తక్కువ గాదు తియ్యి."

ముప్పై మంది చేత పని చేయించిన మేస్త్రి, తన భార్యకు కూడా చెప్పకుండా దాచిన దొంగపని అది. చేతులు కడుక్కుని లేచి, చాంద్ పాషా దుకాణానికి పోయాడు. చాంద్ పాషా ఇప్పుడు సైకిళ్లు బాగుచేస్తాడు. వాళ్ల నాయన గానుగ రాయి ఇంకా దుకాణం ముందే ఉంది, వచ్చినవాళ్లు దాని మీదే కూర్చుంటారు. ఏసోబు దాని మీద కూర్చుని, నలభై ఏళ్లలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. చాంద్ పాషా పంక్చరు వేస్తున్న చెయ్యి ఆపి అతని మొహం చూశాడు.

"అంటే గోడ మంచిగనే ఉన్నది. నీ గిలాబే మోగుతున్నది."

"ఆ."

"మరి చెప్పెయ్ భాయ్! గమ్మున కూసున్నవేంది?"

"ఎట్ల చెప్పాలె? ఊరంత నన్ను మేస్త్రి అంటరు. నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ ఉన్నదే ఆ గోడల. గోడనే లేపేస్తే దాన్ని ఏడ పెట్టుకుంటవ్?" అన్నాడు చాంద్ పాషా. తర్వాత గొంతు తగ్గించి, "ఏరు ముంచిన మీ అమ్మను మళ్లొకసారి ముంచొద్దు, ఏసోబూ" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఏసోబు చర్చికి పోయాడు. అడ్డం పెట్టిన బల్లను పక్కకు జరిపి, ఎప్పటిలాగే మూడో బారకు వీపు ఆనించాడు. కిటికీలోంచి ఏటి మీది వెలుగు పడి కప్పు మీద అల్లల్లాడుతోంది. పిచ్చుక ఒకటి కమాను సందులోకి పోయి వస్తోంది. రెప్పలు ఎప్పుడు మూశాడో తెలియదు. గోడ లోపల నుంచి సర్, సర్ మని సన్నటి చప్పుడు మొదలైంది. ఒక రాయి, తర్వాత పది రాళ్లు, తర్వాత లెక్కలేనన్ని. పచ్చి సున్నం వాసనలో బెల్లం వాసన కలిసింది. గోడ పొడుగునా ఆడవాళ్లు నిలబడి రుద్దుతున్నారు, వాళ్ల గాజులు ఒకే లయలో కదులుతున్నాయి. మూడో బార దగ్గర ఒకామె. చీర చెంగు బొడ్లో దోపుకుంది. వీపంతా చెమట. మోచెయ్యి ఊగుతోంది గానీ, ఏ చెయ్యో తెలియడం లేదు. ఇటు తిరుగమ్మా, ఒక్కసారి ఇటు తిరుగు అని ఏసోబు పిలుస్తున్నాడు. ఆమె తిరగలేదు. వెనక్కి చూడకుండానే వంగి, కిందికి చెయ్యి చాపి, ఏదో అందించింది. చల్లగా అరచేతిలో పడింది.

కళ్లు తెరిచేసరికి ఎండ గోడ దిగిపోయింది. ఏసోబు చెయ్యి గోడ అడుగున, నేలకు మూరెడు ఎత్తున, దానంతటదే మెల్లగా రుద్దుతోంది. ఈ ముసలి చేతికి ఏమొచ్చిందని నవ్వుకుని, తువ్వాలు దులుపుకుని లేచాడు. ఏం చేయాలో మాత్రం అతనికి తేలిపోయింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ ఉంటుంది. దేవుడు జ్వరం తగ్గించాడని ఒకరు, బోరులో నీళ్లు పడ్డాయని ఒకరు లేచి చెప్తారు. ఏసోబు ఏనాడూ లేవలేదు. ఆ రోజు లేచాడు. విజయమ్మ ఆడవాళ్ల వైపు నుంచి కళ్లు పెద్దవి చేసి చూసింది.

"నాది మంచి సాక్ష్యం గాదు" అన్నాడు ఏసోబు. "గా గోడ విడిపోలేదు. మోగుతున్నది నా గిలాబు. గాడ మా అమ్మ రుద్దిన బార ఉన్నది. ఉలి పెట్ట చేతగాలె నాకు. గాట్లు కొట్టకుంటనే సిమెంట్ పూసిన. నలభై ఏండ్ల సంది మిమ్ములందర్ని దగా చేసిన. మేస్త్రి అనకున్రి నన్ను ఇగ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో ఉష్ మన్నారు. ఏసోబుకు చెవులు కాలిపోతున్నాయి. ఈ వయసులో ఇంతమంది ముందు తల దించుకోవడం మామూలు మాటా? విజయమ్మ చెంగుతో మొహం కప్పుకుంది. ఆమె ఏడుస్తోందో, కోపంతో ఉందో అతనికి తెలియలేదు.

రేఖ లేచి వచ్చింది. వయసులో చిన్నదే అయినా, తన మాటే నెగ్గాలనే మొండితనం లేదు. "తాతా, మీరు చెప్పింది నిజమైతే, ఆ ఒక్క బార సిమెంట్ తీస్తే తెలుస్తది. లోపల గోడ గట్టిగుంటే నా మాట నేనే వెనుకకు తీసుకుంట. వదులుంటే మాత్రం దించుడే."

"నేనే తీస్త బిడ్డా" అన్నాడు ఏసోబు.

ఆరాధన ముగిసినా ఒక్కరూ ఇంటికి కదల్లేదు. చాంద్ పాషా కూడా దుకాణం మూసేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏసోబు పగులులోకి ఉలి దూర్చాడు గానీ సుత్తె ఎత్తలేదు. చేత్తోనే మెల్లగా మీటాడు. నలభై ఏళ్ల సిమెంటు పెద్ద పెంకులాగా కదిలి, తన వెనకాల పట్టుకున్న వెల్ల పొరలన్నిటినీ ఊడదీసుకుని, అతని చేతుల్లోకి వాలింది. ఒకటి, రెండు, మూడు పెంకులు. దుమ్ము సర్దుకున్నాక అందరూ చూశారు.

గోడ మెరుస్తోంది. డెబ్బై ఏళ్ల కిందటి మెరుగు, నిన్న రుద్దినట్టుంది. ఒక్క పగులు లేదు. రేఖ సుత్తితో కొట్టింది. టక్. పైన, పక్కన, మధ్యలో కొట్టింది. టక్ టక్. ఆమె ఫోనులో లైటు వేసి గోడకు ఏటవాలుగా పట్టి దగ్గర్నుంచి చూసి, "గట్టిగున్నది అయ్యగారూ. చెమ్మ కూడా లేదీడ. సిమెంట్ పట్టిన కాడనే గోడ ఊపిరాడక చెమ్మ పట్టింది. మిగతాది కూడా తీసేద్దాం, గోడ దించే పని లేదు" అంది. సంఘమంతా ఒక్కసారిగా మాట్లాడింది.

ఏసోబుకు అదేం వినిపించలేదు. ఆ ఏటవాలు వెలుగులో రాయి తిరిగిన జాడలు కనిపిస్తున్నాయి. నెలవంకల్లాంటి గీతలు, ఒకదాని మీద ఒకటి, వందలు. అన్నీ ఎడమ వైపు నుంచి లేచి ఎడమకే తిరుగుతున్నాయి. యాభై ఏళ్లు గోడలు తీర్చినవాడికి ఏ చెయ్యి తిరిగిందో చెప్పాల్సిన పని లేదు. పెద్దలు చెప్పారు, ఆమె తల ఊపింది, వాళ్లు అటు పోగానే తన చేత్తో తన గోడ రుద్దుకుంది. "ఓ అమ్మా!" అని ఏసోబు పైకే నవ్వాడు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే నవ్వాడు.

అప్పుడు అతని చూపు కిందికి దిగింది. నేలకు మూరెడు ఎత్తున, అమ్మ గీతలు ఆగిపోయిన చోట, వేరే గీతలున్నాయి. పొట్టివి, వంకరటింకరవి, పసిచేతివి. కుడి నుంచి లేచి ఎటో పోయినవి. కొన్నిచోట్ల ఎక్కువ రుద్ది గుంట చేసినవి, కొన్నిచోట్ల మరిచిపోయి వదిలేసినవి. వాటి అంచుల్లో మాత్రం నెలవంకలు దిద్దుతూ పోయాయి, తప్పును సరిచేసినట్టు. ఏసోబు ఆ గీతల ముందు కూర్చున్నాడు. సంచిలోంచి గులకరాయి తీశాడు. ఇన్నేళ్లూ అమ్మ చేతికి ఇంత చిన్న రాయి ఎట్లా సరిపోయిందా అనుకున్న రాయి. దాన్ని ఆ పొట్టి గీత మీద పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

చాంద్ పాషా పక్కన వచ్చి కూర్చుని చూశాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. విజయమ్మ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

రేఖకు అదేమీ తెలియదు. ఆమె మొత్తం గోడను అట్లాగే తీర్చాలంటే డంగుసున్నం ఎట్లా కలపాలి, ఎట్లా రుద్దాలి అని అయ్యగారితో మాట్లాడి, ఏసోబు దగ్గరకు వచ్చి వంగి అడిగింది. "తాతా, ఈ పని మీకొస్తదా? ఎవరు నేర్పిన్రు మీకు?"

ఏసోబు రాయిని గోడ మీద నుంచి తీయలేదు.

"మా అమ్మ" అన్నాడు.